గోడ దాటారు, మ్యాపు ముంచింది: యుద్ధఖైదీ పైలట్లపై అపోహలు – వాస్తవాలు

యుద్ధఖైదీ అనగానే మన కళ్ల ముందు ఆడేది సినిమా. సొరంగం, సెర్చ్‌లైటు, కుక్కల అరుపులు, చివర్లో ముళ్లకంచె మీదుగా మోటార్‌సైకిల్ గెంతు. 1963లో వచ్చిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ ఈ బొమ్మను ప్రపంచమంతటికీ పంచిపెట్టింది. మనకైతే 1971 యుద్ధమంటే ‘ఘాజీ’, పైలట్లంటే బాలాకోట్ నాటి టీవీ చర్చలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరిగిన వాట్సాప్ కథలు. విమానం కూలిపోయి, శత్రుదేశపు నేల మీద పడి, నెలల తరబడి ఒక గదిలో గడిపిన మనిషి ఈ సందడిలో ఎక్కడా కనపడడు. అతని రోజులు సాహసంతో నడిచింది తక్కువ. అంతర్జాతీయ ఒప్పందాలు, ఎదుటి అధికారి స్వభావం, తిండి, విసుగు, ఇంటి నుంచి రావలసిన ఉత్తరం: వీటితో నడిచిందే ఎక్కువ. 1971లో పాకిస్తాన్‌కు చిక్కిన మన పైలట్ల అనుభవాన్ని దగ్గర పెట్టుకుని, అవసరమైన చోట రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ క్యాంపులను కూడా చూస్తూ, జనంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను పరిశీలిద్దాం.

అపోహ: శత్రు సైన్యం చేతికి చిక్కడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

చాలామంది పైలట్ల విషయంలో ఇది తలకిందులు. సైన్యం కంటపడ్డాకే వాళ్లకు ప్రాణం మీద ఆశ కలిగింది. అంతకు ముందు గడిచిన గంటే గండం. ఫ్లైట్ లెఫ్టినెంట్ దిలీప్ పరుల్కర్ నడుపుతున్న సుఖోయ్-7 విమానం 1971 డిసెంబరు 10న కూలింది. పారాచూట్‌లో దిగిన ఆయనను ముందు చుట్టుముట్టింది ఊరిజనం. పడిన దెబ్బలు వాళ్లవి, విడిపించింది సైనికులు. 2019 ఫిబ్రవరి 27న పైలట్ అభినందన్ వర్ధమాన్‌కు జరిగిందీ అదే. నిన్నటిదాకా నెత్తిన బాంబులు పడిన ఊళ్లో ఆకాశం నుంచి దిగిన మనిషికి ఎలాంటి స్వాగతం దొరుకుతుందో ఊహించడం కష్టం కాదు. జర్మనీ నగరాల మీద బాంబులు వేసి దిగిన బ్రిటిష్, అమెరికన్ వైమానికులలో కొందరిని అక్కడి జనం కొట్టి చంపిన సంఘటనలున్నాయి.

పైగా అప్పటికే ఒళ్లు సగం విరిగి ఉంటుంది. ఇజెక్షన్ సీటు పైలట్‌ను విమానం నుంచి ఫిరంగి గుండులా పైకి విసురుతుంది. ఆ క్షణంలో శరీరం మీద మామూలు బరువుకు పన్నెండు రెట్లో, అంతకు పైనో ఒత్తిడి పడుతుంది. వెన్నుపూసలు నలిగిపోవడం సాధారణం. 1971లో పట్టుబడిన స్క్వాడ్రన్ లీడర్ ధీరేంద్ర జఫా వెన్నుకు గాయమై, పట్టీ కట్లలోనే చాలాకాలం గడిపారు. స్క్వాడ్రన్ లీడర్ కామత్‌కైతే కాళ్లు విరిగాయి. సినిమాలో హీరో పారాచూట్ విప్పి పరుగు లంకించుకుంటాడు. నిజంగా దిగినవాడికి లేచి నిలబడటమే గగనం.

ఫ్లైట్ లెఫ్టినెంట్ జవహర్‌లాల్ భార్గవ కొంత దూరం నెగ్గుకొచ్చారు. డిసెంబరు 5న ఆయన నడుపుతున్న మారుత్ విమానం ఎడారిలో కూలింది. తాను పాకిస్తాన్ పైలట్‌నని, పేరు మన్సూర్ అలీ అని చెప్పుకుని ఊరివాళ్లను కొంతసేపు నమ్మించారు. చివరికి ఎవరికో అనుమానమొచ్చి, ముస్లింల విశ్వాస వాక్యమైన కల్మా చదవమన్నారు. కథ అక్కడితో ఆగింది.

అపోహ: పేరు, హోదా, నంబరు తప్ప ఖైదీ నోరు విప్పడు. విప్పించాలంటే చిత్రహింసే మార్గం.

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 17వ అధికరణం ప్రకారం ఖైదీ చెప్పి తీరవలసినవి నాలుగు: ఇంటిపేరుతో సహా పేరు, హోదా, పుట్టినతేదీ, సర్వీసు నంబరు. సినిమాలు పుట్టినతేదీని ఎందుకో వదిలేస్తాయి. ఆ నాలుగింటికి మించి అడగవచ్చు గానీ, చెప్పనందుకు హింసించకూడదు, బెదిరించకూడదు. ఇది చట్టం మాట. ఆచరణ మనిషిని బట్టి, క్యాంపును బట్టి మారింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆదిత్య విక్రమ్ పెథియా 1971లో బందీగా తీవ్రంగా గాయపడి, ఆరోగ్యం పాడై, మిగతావారికన్నా ముందే 1972 మేలో తిరిగొచ్చారు. కాబట్టి అంతా మర్యాదగానే జరిగిందనడం కూడా అపోహే.

అయితే ప్రశ్నలడగడంలో ఆరితేరినవాళ్లు చెయ్యెత్తడం తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి చిక్కిన వైమానికులను ముందు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఒబెరుర్సెల్‌లో ఉన్న విచారణ కేంద్రానికి తీసుకెళ్లేవారు. అక్కడి హాన్స్ షార్ఫ్ అనే ఉద్యోగి గొంతు పెంచేవాడు కాదు. ఖైదీతో అడవిలో నడకకు వెళ్లేవాడు, టీ ఇప్పించేవాడు, ఊసులాడేవాడు. ఆ స్క్వాడ్రన్ గురించి తనకు అప్పటికే సగం తెలుసని మాటల్లో తేలిగ్గా వదిలేవాడు. వినేవాడికి, అన్నీ తెలిసినవాడి దగ్గర దాచేదేముంది అనిపించేది. మిగతా సగం అలా దొర్లేది. యుద్ధం తర్వాత ఈయన అమెరికా వెళ్లి మొజాయిక్ చిత్రాల కళాకారుడయ్యాడు. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని సిండ్రెల్లా కోట గోడల మీద ఆయన సంస్థ చేసిన పనే ఉంది. ఖైదీలకు ఆయన నేర్పిన పాఠం మాత్రం చేదు: కోపంగా అరిచేవాడి కన్నా కబుర్లాడేవాడి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

హింస పెట్టిన చోట్ల కూడా నోరు విప్పినంత మాత్రాన నిజం రాదు. వియత్నాంలో బందీ అయిన జాన్ మెక్‌కెయిన్‌ను తన స్క్వాడ్రన్ సభ్యుల పేర్లు చెప్పమని సతాయిస్తే, గ్రీన్ బే ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ల పేర్లు వల్లించినట్టు ఆయనే తర్వాత రాసుకున్నారు.

అపోహ: ఖైదీలందరికీ రాత్రింబగళ్లు పారిపోయే ధ్యాసే.

జర్మన్ వైమానిక దళం నడిపిన సాగన్ క్యాంపు, స్టాలాగ్ లుఫ్ట్-3, ఈ నమ్మకానికి పుట్టినిల్లు. అక్కడ టామ్, డిక్, హ్యారీ అని మూడు సొరంగాలు మొదలుపెట్టారు. వందల మంది చెయ్యి వేశారు. మంచాల చెక్కలు నాలుగు వేల వరకూ మాయమయ్యాయి. పాలపొడి డబ్బాలు ఒకదానికొకటి అతికించి గాలి గొట్టాలు చేశారు. సొరంగంలోంచి వచ్చిన పసుపురంగు ఇసుక పైనున్న బూడిదరంగు మట్టిలో కలిసేది కాదు. అందుకని ప్యాంటు లోపల సంచులు వేలాడదీసుకుని, నడుస్తూ నడుస్తూ కొద్దికొద్దిగా రాల్చి, కాళ్లతో కలియదొక్కేవారు. ఇదంతా నిజమే. కానీ ఆ క్యాంపులో వేల మంది ఉండేవారు, 1944 మార్చి 24 రాత్రి బయటపడింది 76 మంది. మిగతావాళ్లు ఏం చేశారు? నాటకాలు వేశారు, భాషలు నేర్చుకున్నారు, పరీక్షలకు చదివారు, రెడ్‌క్రాస్ పొట్లం ఎప్పుడొస్తుందా అని లెక్కలు వేశారు. ఆకలి వాళ్ల ముఖ్య వ్యవహారం. మోటార్‌సైకిల్ గెంతు పూర్తిగా సినిమావాళ్ల కల్పన. ఆ రాత్రి బయటపడ్డవాళ్లలో అమెరికన్ సైన్యంవాళ్లెవరూ లేరు. వాళ్లను కొన్ని నెలల ముందే పక్క ఆవరణకు మార్చేశారు. క్షేమంగా ఇల్లు చేరిన ముగ్గురిలో ఇద్దరు నార్వేవాళ్లు, ఒకరు డచ్చివారు.

రావల్పిండి క్యాంపులో మనవాళ్లు 12 మంది. మొదట ఎవరి కొట్టు వాళ్లది, పక్కగదిలో ఎవరున్నారో తెలియదు. అందరినీ ఒకచోట చేర్చింది 1971 క్రిస్మస్ నాడు, అదీ కేకు కోసి. అప్పుడే తెలిసింది ఎవరెవరు బతికున్నారో. వింగ్ కమాండర్ కోయెలో అందరిలోకీ పెద్ద. ఆ 12 మందిలో పారిపోయే ప్రయత్నం చేసింది ముగ్గురు: పరుల్కర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ మల్వీందర్ సింగ్ గ్రేవాల్, ఫ్లయింగ్ ఆఫీసర్ హరీశ్ సిన్హ్‌జీ. మిగతావాళ్లు పిరికివాళ్లేం కాదు. ఒకరికి వెన్ను, ఒకరికి కాళ్లు. ఇంకొందరికి యుద్ధం ముగిసింది కదా, నేడో రేపో పంపేస్తారన్న ఆశ. ఒకరు పారిపోతే మిగిలినవారి మీద ఏ ఒత్తిడి వస్తుందో అన్న జంకు కూడా సహజమే.

అపోహ: ఖైదీ పైలట్లతో రాళ్లు కొట్టిస్తారు.

మన పైలట్లు అధికారులే. అధికారుల చేత బలవంతంగా పని చేయించకూడదని జెనీవా ఒప్పందం 49వ అధికరణం. పైగా నెలనెలా భత్యం ఇవ్వాలి; మేజర్ కన్నా కింది హోదా అధికారులకు ఒప్పందంలో రాసినది 50 స్విస్ ఫ్రాంకులు. రావల్పిండిలో మనవాళ్లు ఆ భత్యంలోంచే మిగుల్చుకుని ప్రయాణానికి డబ్బు కూడబెట్టారు. అంటే పారిపోవడానికి బస్సు చార్జీలు ఇచ్చింది పాకిస్తాన్ ప్రభుత్వమేనన్నమాట! పని లేకపోవడమే అధికారి ఖైదీకి అసలు శిక్ష. తెల్లారితే చెయ్యడానికేమీ లేని రోజు, మర్నాడూ అదే రోజు.

అపోహ: గోడ దాటడమే కష్టం. దాటితే గెలిచినట్టే.

ఈ ఒక్క అపోహ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే రావల్పిండి కథంతా గోడ అవతలే జరిగింది.

గోడకు కన్నం వెయ్యడానికి వాళ్లు వాడినవి కత్తిముక్కలు, కత్తెరల్లాంటి చిన్న సామాన్లు. మంచం చాటున ఇటుక ఇటుకనూ ఊడదీశారు. రాలిన పెళ్లలను రెడ్‌క్రాస్ నుంచి వచ్చిన అట్టపెట్టెల్లో దాచారు. సూదికి అయస్కాంత శక్తి పట్టించి దిక్సూచి చేసుకున్నారు. పఠాన్‌ల తీరు దుస్తులు సమకూర్చుకున్నారు. పైలట్లు ఒంటికి బిగించుకునే జీ-సూట్‌లోని రబ్బరు తిత్తి నీళ్లసంచీగా మారింది. ఎండుపళ్లు, పాలడబ్బాలు దాచారు. ఈ పనుల్లో వెళ్లనివాళ్ల చేతులు కూడా ఉన్నాయి. స్కూలు పిల్లలు వాడే తరహా అట్లాసులో దారి చూసుకున్నారు: పెషావర్, అక్కణ్నుంచి ఖైబర్ కనుమ, ఆ అవతల అఫ్గానిస్తాన్.

1972 ఆగస్టు 12 రాత్రి గాలిదుమ్ము రేగింది. కాపలావాడు తల మీద దుప్పటి కప్పుకున్నాడు. ముగ్గురూ కన్నంలోంచి పాకి బయటపడ్డారు. సినిమా రెండో ఆట వదిలిన జనంలో కలిసిపోయారు. బస్సెక్కి తెల్లారేసరికి పెషావర్ చేరారు. అక్కణ్నుంచి జమ్రూద్, అక్కణ్నుంచి మరో బస్సులో కనుమ పైకి. పొద్దున్న పదింటిలోపే లండీ కోటల్. సరిహద్దు ఇక ఆరేడు కిలోమీటర్లు. ఎవరూ వెంటపడలేదు. క్యాంపులో ఇంకా గోల పుట్టిందో లేదో కూడా తెలియదు.

పేర్ల విషయంలోనూ తెలివిగానే వ్యవహరించారు. లాహోర్‌లో పనిచేసే పాకిస్తాన్ వైమానిక దళం వాళ్లమని చెప్పుకుని, పరుల్కర్ ఫిలిప్ పీటర్‌గా, సిన్హ్‌జీ హెరాల్డ్ జాకబ్‌గా, గ్రేవాల్ అలీ అమీర్‌గా మారారు. క్రైస్తవ పేర్లున్న ఇద్దరినైతే కల్మా అడిగే పని ఉండదు. భార్గవ అనుభవం ఊరికే పోలేదనుకోవచ్చు.

ముంచింది మ్యాపు. అందులో లండీ కోటల్ తర్వాత లండీ ఖానా అని రైల్వేస్టేషను ఉంది. బ్రిటిష్‌వాళ్లు ఖైబర్ రైలుమార్గాన్ని 1925లో లండీ కోటల్ దాకా, ఆ మరుసటి ఏడు లండీ ఖానా దాకా వేశారు. కానీ ఆ చివరి ముక్కను 1932లోనే మూసేశారు. అట్లాసులు గీసేవాళ్లు చెరపడం మరిచిపోయారు. మనవాళ్లు ఒక టీ కొట్టు దగ్గర ఆగి, లండీ ఖానాకు ఎలా వెళ్లాలి అని అడిగారు. నలభై ఏళ్ల కిందట మూతపడిన స్టేషన్ గురించి అడిగే ముగ్గురు కొత్తవాళ్లు! తహసీల్దారు కచేరీలో అర్జీలు రాసే గుమస్తా చెవిన ఆ మాట పడింది. ఆ పేరు పలికేవాళ్లెవరూ ఆ చుట్టుపక్కల లేరు. పట్టి తహసీల్దారు దగ్గరికి తీసుకెళ్లాడు. తుపాకీ గురిపెట్టిన కాపలావాడు చెయ్యలేని పని, రోజంతా జనం మొహాలు చూస్తూ అర్జీలు రాసే మనిషి ఒక్క అనుమానంతో చేశాడు.

అక్కడ పరుల్కర్ బుర్ర చురుగ్గా పనిచేసింది. పాకిస్తాన్ వైమానిక దళాధిపతి సహాయాధికారి (ఏడీసీ)తో ఫోన్‌లో మాట్లాడించమన్నారు. ఆ ఏడీసీ స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్, అంతకు ముందు ఈ ఖైదీల క్యాంపు చూసుకున్న అధికారి, క్రిస్మస్ కేకు నాటి మనిషి. తన గొంతు గుర్తుపట్టి ఆయనే కాపాడతాడని పరుల్కర్ లెక్క. ఆ గిరిజన ప్రాంతంలో గూఢచారులుగా ముద్రపడితే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. ఉస్మాన్ వాళ్లకు హాని జరగకుండా చూశారు. పారిపోయిన ఖైదీ ప్రాణం మీదికొచ్చినప్పుడు తలుచుకున్నది శత్రు అధికారినే. రెండు దేశాల సినిమావాళ్లకూ ఈ ఘట్టం మింగుడుపడేది కాదు.

అపోహ: పారిపోతూ దొరికితే కాల్చేస్తారు. కాల్చే హక్కు వాళ్లకుంటుంది.

1944లో సాగన్ నుంచి బయటపడ్డ 76 మందిలో 73 మంది దొరికిపోయారు. హిట్లర్ ఆజ్ఞ మీద గెస్టపో అందులో 50 మందిని చంపింది. సినిమాలో చూపినట్టు ఒకే మైదానంలో వరసగా నిలబెట్టి కాదు. ఒక్కొక్కరిని, ఇద్దరిద్దరిని, కార్లలో తీసుకెళ్లి రోడ్ల పక్కన దింపి కాల్చారు. మళ్లీ పారిపోబోయారని కాగితాలు రాశారు. అస్థికలు కుండల్లో క్యాంపుకు తిరిగొచ్చాయి. అప్పటికి అమల్లో ఉన్న 1929 జెనీవా ఒప్పందం ప్రకారం కూడా అది హత్యే. అందుకే యుద్ధం తర్వాత బ్రిటిష్ వైమానిక దళ పోలీసులు హంతకులను ఒక్కొక్కరిగా వెతికి పట్టుకున్నారు. 1947లో హాంబర్గ్‌లో విచారణ జరిగింది. 13 మందిని ఉరితీశారు.

1949 ఒప్పందం ఈ విషయాన్ని ఇంకా విడమరిచింది. పారిపోయే ప్రయత్నంలో విఫలమైనవాడికి క్రమశిక్షణ చర్య మాత్రమే ఉండాలి. అదీ 30 రోజులకు మించకూడదు. పారిపోతున్నవాడి మీద ఆయుధం వాడటం చిట్టచివరి మార్గం, అదీ ముందు హెచ్చరించాకే. లండీ కోటల్‌లో దొరికిన ముగ్గురికీ పడిన శిక్ష ఒంటరి కొట్టు, నెల రోజులు. సాగన్‌కూ రావల్పిండికీ మధ్య 28 ఏళ్లు. ఆ మధ్యలో రాసిన కాగితం ఎంత పని చేస్తుందో ఈ రెండు శిక్షలను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. అంతర్జాతీయ చట్టాలను ఎవరు లెక్కచేస్తారని పెదవి విరిచేవాళ్లు ఒకసారి ఈ లెక్క చూడాలి.

అపోహ: యుద్ధం ఆగిన మర్నాడే ఖైదీలు ఇంటికొస్తారు.

పోరు ఆగిన వెంటనే ఆలస్యం లేకుండా విడిచిపెట్టాలని 118వ అధికరణం చెబుతుంది. పడమటి సరిహద్దులో కాల్పులు ఆగింది 1971 డిసెంబరు 17న. సిమ్లా ఒప్పందం 1972 జూలై 2న. రావల్పిండి ముగ్గురు కన్నం వేసింది ఆ తర్వాత, ఆగస్టులో! అంటే రాజకీయ నాయకులు కరచాలనం చేసుకున్నాక కూడా వాళ్లకు నమ్మకం కుదరలేదు. తర్వాత లయల్‌పూర్ జైలుకు మార్చారు, అక్కడ వందల మంది మన సైనికులు కూడా ఉన్నారు. పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టో స్వయంగా వచ్చి విడుదల మాట చెప్పాక, డిసెంబరు 1న వాఘా దాటారు. తూర్పున మనకు లొంగిపోయినవాళ్లు ఇంకా ఎక్కువకాలం ఎదురుచూశారు. వాళ్ల తరలింపు 1974 దాకా సాగింది.

ఇక్కడ ఒక ప్రసిద్ధ కథ. 1965 యుద్ధం చివరి రోజుల్లో పైలట్ కె.సి. కరియప్ప పాకిస్తాన్‌కు చిక్కారు. తండ్రి స్వతంత్ర భారత తొలి భారతీయ సేనాధిపతి. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన అయూబ్ ఖాన్ అప్పటికి పాకిస్తాన్ అధ్యక్షుడు. కొడుకును ముందే పంపిస్తానంటే, ఖైదీలందరినీ ఒకేలా చూడమని తండ్రి కాదన్నారు. వాట్సాప్ ఇక్కడితో ఆగుతుంది. కొడుకు సంగతి? వెన్ను దెబ్బతో, తాష్కెంట్ ఒప్పందం అయ్యేదాకా అక్కడే ఉండి, 1966 జనవరిలో మిగతావాళ్లతో పాటే వచ్చారు. తర్వాత ఎయిర్ మార్షల్ అయ్యారు.

అపోహ: యుద్ధం ప్రకటించలేదు కాబట్టి అభినందన్ యుద్ధఖైదీ కాడు. పాకిస్తాన్ జైల్లో ఉన్న మనవాళ్లందరూ యుద్ధఖైదీలే.

ఈ రెండూ తరచూ ఒకే నోట వినిపిస్తాయి. రెండూ తప్పే. రెండు దేశాల సాయుధ దళాలు తలపడితే చాలు, యుద్ధం ప్రకటించినా లేకపోయినా జెనీవా ఒప్పందం వర్తిస్తుంది. అభినందన్ చాయ్ తాగుతూ మాట్లాడిన వీడియోను మర్యాదకు రుజువుగా చూపేవాళ్లున్నారు. ఖైదీని జనం వేడుకగా చూసేలా ప్రదర్శించకూడదని 13వ అధికరణం. నెత్తురోడుతున్న మొహంతో తీసిన తొలి వీడియోకూ, ఈ చాయ్ వీడియోకూ అదే నియమం.

రెండో మాటకు మన శ్రీకాకుళం సాక్ష్యం. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారుల కథ ‘తండేల్’ సినిమా పుణ్యమా అని అందరికీ తెలుసు. వాళ్లు సైనికులు కారు, యుద్ధమూ లేదు. కాబట్టి యుద్ధఖైదీలకుండే భత్యం, విడుదల నియమాలు ఏవీ వాళ్లకు లేవు. పైలట్ అభినందన్ మూడో రోజున వాఘా దాటితే, కరాచీ జైల్లో ఉన్న ఆ మత్స్యకారుల్లో ఎక్కువమంది 2020 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

1971లో తిరిగిరానివారి సంగతి వేరు. ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే పేరును పోలిన పేరు పట్టుబడిన పైలట్ల వార్తలో ఒక పాకిస్తాన్ పత్రికలో వచ్చింది. ఆయన రాలేదు. భార్య దమయంతి, బ్యాడ్మింటన్ జాతీయ చాంపియన్, దశాబ్దాలు వెతికారు. 2007లో కొందరు బంధువులు పాకిస్తాన్ జైళ్లు చూసి వచ్చారు. ఎవరూ కనపడలేదు. తమ దగ్గర ఎవరూ లేరన్నది పాకిస్తాన్ మాట. అందరూ ఇంకా బతికే ఉన్నారని ఘంటాపథంగా చెప్పే ఫార్వర్డులకు ఆధారం లేదు, ఏమీ జరగలేదని కొట్టిపారేయడానికీ లేదు.

అపోహ: పట్టుబడి వచ్చినవాడికి ఇక విమానం ఇవ్వరు.

పరుల్కర్ సర్వీసులో కొనసాగి గ్రూప్ కెప్టెన్ అయ్యారు, విశిష్ట సేవా పతకం అందుకున్నారు. అభినందన్ విడుదలైన ఆర్నెల్లకే, 2019 సెప్టెంబరులో, పఠాన్‌కోట్‌లో వైమానిక దళాధిపతి ధనోవాతో కలిసి మిగ్-21లో ఎగిరారు. కార్గిల్ పోరులో 1999 మే 27న పట్టుబడి వారం రోజుల్లో విడుదలైన నచికేత విషయంలో అడ్డొచ్చింది అనుమానం కాదు, ఇజెక్షన్‌లో దెబ్బతిన్న వెన్ను. ఫైటర్ నడపడానికి వైద్యులు ఒప్పుకోలేదు. ఆయన రవాణా విమానాల వైపు మారి, గాల్లోనే యుద్ధ విమానాలకు ఇంధనం నింపే ఐఎల్-78 నడిపారు.